కొండను తవ్వి ఎలుకను పట్టిన వైనం

నెల రోజులకు పైగా ఈ పుటలో కొత్త అక్షరం పడలేదు. ఆరోగ్యం బాగాలేదేమోనని ఇద్దరు మిత్రులు లేఖలు వ్రాశారు. వారికి నా కృతజ్ఞతలు. ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. చేతివేళ్ళకు నాలుగైదు గాట్లు, గోళ్ళ సందుల్లో ఇంకా వదలని మసి, అంతే. ఈ నెలలోని సాయంకాలాలనూ శని ఆదివారాలనూ ఒక పాత కారుకే ధారపోశాను. లావుపాటి నిఘంటువంత కూడా లేని ఒక భాగాన్ని దానిలోంచి పెరికి, బాగుచేయించి, మళ్ళీ దాని చోట కూర్చోబెట్టాను. దాని పేరు హీటర్ కోర్. ఈ టపా దాని గురించే. ఆ నెపంతో నేను కొంతకాలంగా అనుకొంటున్న ఒక మాట గురించి కూడా.

బండి 1972 నాటి ఎంజీబీ. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు చేరువనున్న ఆబింగ్డన్ అనే ఊళ్ళో, 1962 నుంచి 1980 వరకు తయారైన స్పోర్ట్స్ కారు. సిడ్ ఎనెవర్ అనే ఇంజనీరు సారథ్యంలో రూపుదిద్దుకొన్నది. మొత్తం 5 లక్షలకు పైగా తయారైతే అందులో పెద్ద పాలు అమెరికాకే ఎగుమతి అయింది. వాటిలో ఒకటి ఎన్నో చేతులు మారి, చివరకు ఒహాయోలో నా ఇంటికి చేరింది. మన దేశంలో 2019 నుంచి అమ్ముతున్న ఎంజీ కార్లు చూసినవారు ఆ రూపాన్ని దీనికి ఊహించుకోవద్దని మనవి. ఆ పేరు చేతులు మారి చైనా సంస్థకు చేరిన తరువాతి సంతానమవి. గుర్తు ఒకటే, వంశం వేరు.

అసలు చుట్టరికం ఇంకొకచోట ఉంది. ఈ బండిలోని 1798 సీసీ ఇంజనూ, మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి మోగిన 1489 సీసీ ఇంజనూ ఒకే కుటుంబానివి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ ఇంజను అది. తెనాలిలో మా మేనమామ ఇరవయ్యేళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. ఈ బండిని కొనబోయిన నాడు యజమాని తాళం త్రిప్పగానే వినిపించిన ఆ బొంగురు గొంతు నేను చిన్నప్పుడు తెల్లవారుజామున మామయ్య వాకిట్లో విన్నదే. నేనప్పుడే ఓడిపోయాను. బేరమాడాలన్న సంగతి ఇంటికి వచ్చాక గుర్తుకొచ్చింది.

ఇక హీటర్ కోర్. తెలుగులో ఏమనాలా అని చాలాసేపు ఆలోచించి, "వేడిగుండె" మొదలు "ఉష్ణగర్భం" దాకా పోయి, నవ్వుకొని ఆగిపోయాను. ఐతే మనకు "కోరు" అన్న మాట ఎలాగూ ఉంది. పొలాన్ని కోరుకిచ్చినప్పుడు పంటలో భూస్వామికి దక్కే పాలు అది. ఈ యంత్రభాగం చేసేదీ అదే. పెట్రోలు మండగా పుట్టే శక్తిలో సుమారు మూడోవంతు చక్రాలకు అందకుండా ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళలోకి పోతుంది. ఆ వేడినీళ్ళను బండి ముందున్న రేడియేటర్ చల్లార్చి గాలిలో కలిపేస్తుంది. దారిలో కొంత నీటిని మళ్ళించి, సన్నని ఇత్తడి గొట్టాలూ రాగి రేకులూ అల్లిన ఒక బుల్లి రేడియేటర్ గుండా పంపి, దాని మీదుగా గాలిని ఊదితే, ఆ గాలి మనుషుల కాళ్ళకు వెచ్చదనమూ, ముందు అద్దానికి తేటదనమూ ఇస్తుంది. వృథాగా పోయే పంటలోంచి మన కోరు మనం తీసుకోవడమన్నమాట.

తెనాలి ఎండల్లో ఈ కోరు అక్కరలేదు. మామయ్య బండిలో హీటరు పెట్టడమంటే పొయ్యి ప్రక్కన కుంపటి పెట్టడమే. విచిత్రమేమంటే ఇంగ్లండు చలిలో కూడా తొలినాటి ఎంజీబీలకు హీటరు అదనపు సొమ్ము చెల్లిస్తేనే వచ్చేది. కారులో వెచ్చదనం విలాసమనుకొన్నారు. అది విలాసం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడేళ్ళ క్రితం కాళ్ళ దగ్గరి తివాచీ తడిగా తగిలింది. బండిలో ఏదో తియ్యటి వాసన. ముందు అద్దం లోపలివైపు వేలితో రాస్తే జిడ్డు. ఈ మూడూ కలిస్తే హీటర్ కోర్ కారుతున్నట్లే లెక్క. ఇంజను నీళ్ళు గడ్డకట్టకుండానూ, లోహం తుప్పు పట్టకుండానూ కలిపే ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ తన రక్షణగుణాన్ని కోల్పోయి తానే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. రెండేళ్ళకొకసారి మార్చవలసినదాన్ని ఎవరో ఎప్పుడో మార్చలేదు. ఆ "ఎవరో"లో నేనూ ఉన్నాను.

ఊళ్ళో ఒక మరమ్మతు దుకాణంలో చూపించాను. "దాన్ని బయటికి తీయడం మహా చిరాకు. రెండు గొట్టాలనూ ఒక ముక్కతో కలిపేస్తే హీటరు దాకా నీళ్ళే పోవు, కారడమూ ఉండదు. పది నిమిషాల పని," అన్నారు. దీన్ని ఇక్కడ బైపాస్ అంటారు. నాకు అప్పుడది చాలా వివేకంగా తోచింది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక ఎలాగూ ఈ బండిని బయటికి తీయను, ఇక హీటరెందుకు అనుకొన్నాను. పది నిమిషాల పని మూడేళ్ళు నడిచింది.

పోయిన అక్టోబరులో ఒక సాయంత్రం పన్నెండేళ్ళ మా అమ్మాయితో పల్లెదారిన వస్తున్నాను. సన్నగా జల్లు మొదలైతే పైకప్పు వేశాను. ఇద్దరి ఊపిరికీ అద్దం లోపల ఆవిరి పట్టింది. చేతిరుమాలుతో తుడిస్తే పాత జిడ్డు అలుక్కుపోయి, ఎదుటి దీపాల వెలుగు పాలు ఒలికినట్లు పరుచుకొంది. మలుపులో దారి మధ్యన ఒక లేడి నిలబడి ఉంది. నేను దాన్ని చూడలేదు. అమ్మాయి చూసి అరిచింది. బండి ఆగేసరికి లేడికీ మాకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. అది తీరుబడిగా అడవిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అమ్మాయి అడిగింది: "నాన్నా, హీటర్ పనిచెయ్యదని నీకు ముందే తెలుసు కదా?"

తెలుసు. అందుకే ఈ పని దుకాణానికి ఇవ్వకుండా నేనే చేయాలనుకొన్నాను. ప్రాయశ్చిత్తాన్ని వేరొకరి చేత చేయించుకోలేము.

పని గురించి క్లుప్తంగా చెబుతాను. సీట్ల వెనుక గూట్లో ఉన్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల తీగెలు విప్పాలి. ఇంజను నీళ్ళను చుక్క పోకుండా పట్టుకోవాలి. ఆ ద్రవం తియ్యగా ఉండే విషం, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి. హీటరు పెట్టె ఇంజను గదికీ మనుషుల గదికీ నడుమనున్న రేకుగోడ మీద, బల్ల మీద కూజాలా కూర్చొని ఉంటుంది. దాని గొట్టాలూ మరలూ ఇంజను వైపు నుంచి విప్పాలి. కాని అడుగుభాగం గోడలోంచి లోపలికి దిగి ఉంటుంది. అక్కడ అద్దానికి గాలి తీసుకుపోయే రెండు గొట్టాలనూ, మూతలను కదిపే తీగెనూ డాష్‌బోర్డు క్రింద నుంచి ఊడదీయాలి. అందుకు నడిమి పలకనూ రేడియోనూ తీసివేసి, సీటు వీపు మీదికి కాళ్ళు వేసి, తలక్రిందులుగా దూరాలి. ఆ భంగిమలో ఉండగా మా ఆవిడ టీ తెచ్చి, "ఏమండీ, కాళ్ళు కనబడుతున్నాయి, మనిషెక్కడ?" అని అడిగింది.

మరలన్నీ తీశాక కూడా పెట్టె కదలలేదు. అడుగున వేసిన స్పంజి యాభై ఏళ్ళకు బంకలా మారి రేకుకు కరుచుకొంది. ఈ బండ్లవాళ్ళలో ఒక పాత ఛలోక్తి ఉంది: కర్మాగారంలో ముందు హీటరును గాలిలో వ్రేలాడదీసి, తరువాత దాని చుట్టూ కారును కట్టారట. మూడో రోజు సాయంత్రం అది ఒక్కసారిగా ఊడి నా చేతుల్లోకి వచ్చింది. బల్ల మీద పెట్టి, చుట్టూ ఉన్న క్లిప్పులు తీసి మూత ఎత్తాను.

లోపల ఎలుక గూడు. సీటులోంచి పీకిన పీచు, ఎండుగడ్డి, అక్రోటు పెంకులు, వాటి నడుమ అరచేతిలో ఇమిడేటంత ఎలుక అస్థిపంజరం. కొండను తవ్వి ఎలుకను పట్టడమనే సామెతను మనం వెక్కిరింతకే వాడతాము. ఆ క్షణం దాకా నేనూ అలాగే వాడాను.

ఎలుక ఉందంటే దాని పళ్ళూ ఉంటాయి. దీపం పట్టుకొని మళ్ళీ డాష్‌బోర్డు క్రింద దూరి వెదికాను. హీటరు పెట్టె వెనుకగా పోయే గోధుమరంగు తీగెకు రెండంగుళాల మేర తొడుగు లేదు. ఆనాటి బ్రిటిష్ కార్లలో గోధుమరంగు తీగె అంటే మధ్యలో ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి సరాసరి వచ్చే విద్యుత్తు. తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. ఉత్త రాగి, రేకుగోడకు వేలెడు దూరంలో. ఆ రెండూ తగిలిన రోజున బండి గరాజులోనే తగలబడి ఉండేది. గరాజు మీద మా అమ్మాయి పడకగది. అంతేకాదు, గాలి వచ్చే గూడులో చేరిన వాననీటిని బయటికి పంపే గొట్టం ఆకులతో పూడిపోయి, ఆ గూటి అడుగున తుప్పు మొదలైంది. బైపాస్ గొట్టం ఇవేవీ నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే దాని పని.

కొత్త కోర్ కొనవచ్చు. ఈ బండికి ఇంకా దొరుకుతాయి, ధర కూడా ఆకాశంలో లేదు. కాని పాతదాన్ని చేతిలో పట్టుకొంటే బరువుగా ఉంది, గొట్టాలు దృఢంగా ఉన్నాయి, ఒక్క అంచు దగ్గర పచ్చటి చిలుము. మాటు వేయించవచ్చుననిపించింది. మాటు వేసేవారు కావాలి కదా. ఫోనులు చేయగా చేయగా అరవై మైళ్ళ దూరంలో డెబ్బయ్యేళ్ళు దాటిన ఒక పెద్దాయన దొరికాడు. ఆయన కోర్ ఒక కొసను మూసి, రెండో కొసలో గాలి ఎక్కించి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చిన చోట సుద్దతో గీత గీశాడు. శుభ్రం చేసి, మంట చూపి, సీసమూ తగరమూ కలిసిన లోహాన్ని కరిగించి అతుకు మూశాడు. మళ్ళీ ముంచాడు. బుడగల్లేవు.

నేను ఆ తొట్టి వైపే చూస్తూ ఉండిపోయాను. విజయవాడ ఆటోనగర్‌లో మామయ్య ప్రక్కన నిలబడి సరిగ్గా ఇదే చూశాను. అదే తొట్టి, అవే బుడగలు, అదే మంట. అప్పుడు మామయ్య అన్న మాట: "అల్లుడూ, చెమ్మ కనబడ్డ చోట చిల్లుండదు. నీళ్ళలో ముంచితేగానీ నిజం బయటపడదు."

పెద్దాయనను, ఈ పని నేర్చుకొనేవారున్నారా అని అడిగాను. ప్రక్కనున్న ఒక కొత్త కారు రేడియేటర్‌ను చూపించాడు. అల్యూమినియం జల్లెడకు ప్లాస్టిక్ తొట్టెలు నొక్కి బిగించినది. ప్లాస్టిక్ పగిలితే మాటు పడదు. పారేసి ఇంకొకటి పెట్టడమే. 1980ల నుంచి రాగి ఇత్తడుల స్థానంలోకి ఇవి వచ్చాయి. తేలిక, చవక, బండికి మంచివే. ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. దీపం ఆర్పుతూ చెప్పాడు.

ఇప్పుడు నా అభిప్రాయం. మరమ్మతు ఖరీదును మనం తప్పు లెక్కతో కొలుస్తున్నాము. ఖరీదు వస్తువుది కాదు, వస్తువు దాకా వెళ్ళే దారిది. ఈనాటి కార్లలో హీటర్ కోర్ చాలావరకు డాష్‌బోర్డు వెనుక, ఏసీ యంత్రంతో కలిసి ఒకే పెట్టెలో ఉంటుంది. అక్కడికి చేరాలంటే స్టీరింగు, ఎయిర్‌బ్యాగు, డాష్‌బోర్డు అన్నీ విప్పాలి. ఏసీ వాయువును యంత్రంతో బయటికి లాగాలి. చిన్న వస్తువుకు రోజుల కూలి. అందువల్ల జనం బైపాస్ వేయిస్తారు, లేదా బండినే అమ్మేస్తారు. తరువాతి యజమాని చలికాలంలో మంచుపట్టిన అద్దం వెనుక కూర్చొంటాడు. ఇందులో మరమ్మతు దుకాణంవారి తప్పు లేదు. ఎప్పటికైనా పాడయ్యే భాగాన్ని ఎన్నటికీ చేయి చేరని చోట పెట్టినవారిదే ఆ తప్పు. నేను ప్రేమించే ఆబింగ్డన్ ఇంజనీర్లకూ ఇందులో మినహాయింపు ఇవ్వను. ఐతే వారు ఒక్క మేలు చేశారు: దారి కష్టంగా పెట్టినా, దారి చివర బాగుపడే వస్తువును పెట్టారు. ఇప్పుడు దారీ కష్టమే, చివరనున్నది పారేయవలసిందే.

మరమ్మతు హక్కు గురించి ఈమధ్య చట్టాలు వస్తున్నాయి. మసాచుసెట్స్ ప్రజలు 2012లో కార్ల విషయంలోనే దానికి ఓటు వేశారు. మన దేశంలో 2022లో కేంద్రప్రభుత్వం దానికోసం ఒక పోర్టల్‌ను తెరిచింది. ఐరోపా సమాఖ్య 2024లో చట్టం చేసింది. సంతోషమే. కాని వీటిలో ఎక్కువ శ్రద్ధ విడిభాగాలు దొరకడం మీదా, సమాచారం ఇవ్వడం మీదా ఉంది. భాగమూ దొరికి, పుస్తకమూ దొరికి, చేయి దూరకపోతే ఆ హక్కు అలంకారమే. ఫ్రాన్సు 2021లో ఫోనులూ బట్టలుతికే యంత్రాల వంటివాటికి మరమ్మతు సూచిక తెచ్చి, ఎంత సులువుగా విప్పవచ్చునో అన్నదానికి కూడా మార్కులు వేసింది. కార్లకు అటువంటిది కావాలి. లీటరుకెన్ని కిలోమీటర్లు ఇస్తుందో చెప్పినట్లే, హీటర్ కోర్ మార్చడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా అమ్మేనాడే చెప్పాలి.

దీనికి అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. పాత బండ్లు ఎక్కువ పొగ వదులుతాయి; నిజం. అందరూ పాత బండ్లు నడపాలని నేననడం లేదు. నాది ఏడాదికి వెయ్యి మైళ్ళు కూడా తిరగదు. విద్యుత్తు కార్లు వస్తున్నాయి, వాటిలో ఈ బాధ ఉండదనవచ్చు. ఉంటుంది, మరో రూపంలో. వాటికి వృథా వేడి చాలా తక్కువ కనుక బ్యాటరీ ఖర్చుతో వేడి పుట్టించాలి, ఆ పరికరమూ ఎక్కడో ఒకచోట దాగి ఉండవలసిందే. ఇక, నెల రోజుల కాలాన్ని జీతంతో హెచ్చవేస్తే ఎన్ని కొత్త కోర్లు వచ్చేవో అని ఒక మిత్రుడు లెక్క వేసి చూపించాడు. ఆయన లెక్క తప్పు కాదు. కాని ఆ లెక్కలో గోధుమరంగు తీగెకు గడి లేదు.

పెట్టెను కొత్త స్పంజితో తిరిగి కూర్చోబెట్టి, తీగెకు కొత్త తొడుగు వేసి, హీటరు కొళాయి తెరిచి ఉంచి, గాలి బుడగలు చిక్కకుండా నీళ్ళు మెల్లగా పోశాను. ఇంజను వేడెక్కాక మీట లాగితే ముందు దుమ్ము వాసన వచ్చింది, తరువాత వేడిగాలి. అమ్మాయి అద్దం మీద కావాలని ఊపిరి ఊది, అది క్రింది నుంచి పైకి మెల్లగా చెరిగిపోవడం చూస్తూ కూర్చొంది. ఏమీ అనలేదు. మళ్ళీ ఊదింది.

మిత్రులారా, మీ ఇళ్ళల్లో కూడా పది నిమిషాల పనులు ఏళ్ళ తరబడి నడుస్తూ ఉండవచ్చు. నా మాట వినేటట్లైతే, తీరిక చూసుకొని ఒక్కదాన్నైనా తవ్వండి. ఎలుక దొరికితే నాకు వ్రాయండి.